రెండుసార్లు లెక్కకెక్కిన కణాలు

కొత్త వెర్షనే తప్పు లెక్క చెబుతోందని మొదట ఆఫీసులో అందరూ అనుకున్నారు. సుమలత కూడా అదే అనుకుంది.

శంషాబాద్‌లో బెంగుళూరు హైవే పక్కన, టైల్స్ దుకాణం పైన ఉండేది వాళ్ల ఆఫీసు. పరిశోధకులు మైక్రోస్కోపు కింద తీసిన ఫోటోలను చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం వాళ్ల పని. ఒక ఫోటోలో కణాలు ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దవి, వాటిలో బతికినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని అనేది మనిషి కూర్చుని లెక్కపెడితే ఒక పూట పడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ టీ తాగేలోగా చెప్పేసేది. యజమాని అరుణ్‌కుమార్‌ది తెనాలి. ఎయిర్‌పోర్టు దగ్గర, కిరాయిలు తక్కువ అని ఇక్కడ పెట్టాడు. మనుషులు పట్టుమని పది మంది లేరు గానీ, దేశంలో చాలా ప్రయోగశాలల్లో వాళ్ల సాఫ్ట్‌వేర్ నడుస్తుండేది.

సుమలతది పాల్మాకుల. జువాలజీలో ఎమ్మెస్సీ చదివి, రోజూ షేర్ ఆటోలో వచ్చి పోయేది. ప్రోగ్రాము రాయడం ఆమె పని కాదు, రాసింది సరిగా లెక్కపెడుతోందో లేదో చూసి సరే అనడం ఆమె పని. రాసింది జిలానీ. సాఫ్ట్‌వేర్‌లో గుండెకాయ లాంటి లెక్కింపు భాగం మొత్తం ఆయన చేతిదే. సుమలత ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది కూడా ఆయనే. నిరుడు వానాకాలంలో జ్వరం వచ్చి, దవాఖానలో చేరి, వారం తిరగకుండానే పోయాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. తీసేయమని ఎవరూ అనలేదు, తీసేయనూ లేదు.

ఆయన రాసిన భాగాన్నే మిగతావాళ్లు కొత్త కంప్యూటర్లకు సరిపడేలా మళ్లీ రాశారు. 2013 ఫిబ్రవరిలో దాన్ని పరీక్షించడానికి సుమలత కూర్చుంది. పాత ఫోటోలనే పాత వెర్షన్‌తో, కొత్త వెర్షన్‌తో లెక్కపెట్టించి పోల్చి చూడాలి. చిన్న ఫోటోలకు రెండు లెక్కలూ కలిశాయి. బెంగుళూరు నుంచి డాక్టర్ శోభ పంపిన పెద్ద ఫోటోలకు మాత్రం కలవలేదు. కొత్తది బాగా తక్కువ చూపించింది.

శోభ వాళ్ల పాత కస్టమర్. సొంతూరు కర్నూలు, పనిచేసేది బెంగుళూరులో. షుగర్ వ్యాధితో కంట్లోని నాడీకణాలు చచ్చిపోకుండా ఆపే మందు కోసం ఎలుకల మీద ప్రయోగాలు చేస్తోంది. ఒక చెట్టు బెరడు నుంచి తీసిన మందు అది. ఆ మందు తిన్న ఎలుకల కళ్లలో ఎక్కువ కణాలు బతికి ఉన్నాయని ఆమె రాసిన పేపరు అచ్చయినప్పుడు, ఆఫీసులో అందరికీ మిఠాయి పంచారు. పేపరు చివర వాళ్ల సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఉంది. పరీక్షలకు వాడుకోండని ఆ ఫోటోలన్నీ ఆమే సంతోషంగా ఇచ్చింది.

కొత్తదానిలో తప్పు ఎక్కడుందో వెతికి వెతికి ఎవరికీ దొరకలేదు. తెర మీద చూస్తే కళ్లు తిరుగుతున్నాయే తప్ప ఏమీ తేలడం లేదు. సుమలత ఒక ఫోటో తీసుకుని, పాత వెర్షన్ చేత ఒక్కో కణం మీద ఒక్కో నంబరు వేయించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే రిజ్వాన్ దుకాణానికి పోయింది. నాయకుల పుట్టినరోజు బ్యానర్ల మధ్య నిలబడి రిజ్వాన్ ఆ బొమ్మను తెర మీద అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏందక్కా ఇది? చుక్కలా?”

“ఎలుక కన్ను.”

“ఎలుక కన్నుకు ఫ్లెక్సీనా?” అని నవ్వి, వేసి ఇచ్చాడు.

ఆఫీసులో బల్లలు పక్కకు జరిపి, ఫ్లెక్సీని నేల మీద పరిచి, సుమలత మోకాళ్ల మీద కూర్చుంది. స్కెచ్ పెన్నుతో ఒక్కో కణాన్నీ చుట్టి, దాని నంబరు చూస్తూ పోయింది. భోజనాల వేళ దాటాక ఆమెకు ఒక కణం మీద రెండు నంబర్లు కనిపించాయి. దాని కింద ఉన్నదానికీ రెండు. ఆ కిందదానికీ రెండు. లేచి నిలబడి చూస్తే, రెండేసి నంబర్లున్న కణాలన్నీ తాడు పట్టి గీసినట్టు తిన్నటి వరసల్లో ఉన్నాయి. బొమ్మ నిండా అలాంటి వరసలు, నిలువునా అడ్డంగా.

ఆమెకు అర్థమైంది. పెద్ద ఫోటోను ఒకేసారి చదవలేక సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలుగా కోసుకుంటుంది. అంచు మీద కణం తెగిపోకుండా ఒక ముక్క మీదికి ఇంకో ముక్క కొంచెం ఎక్కేలా కోస్తుంది. ఆ ఎక్కిన చోట ఉన్న కణాలు రెండు ముక్కల్లోనూ కనిపిస్తాయి కాబట్టి, చివర్లో ఒక లెక్క తీసేయాలి. ఫోటో ఒక పరిమాణం దాటితే ఆ తీసేయడం జరగడం లేదు. తప్పు కొత్త వెర్షన్‌ది కాదు, అన్నేళ్లుగా అందరూ వాడుతున్న పాతదానిది.

అంతకంటే భారమైన సంగతి ఇంకొకటి ఆ నిలబడ్డ చోటనే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట శోభ ఫోన్ చేసి అడిగింది. “మాకు కొత్త కెమెరా వచ్చింది. ఫోటోలు చాలా పెద్దగా వస్తున్నాయి. మందు ఇవ్వని ఎలుకలవి పాత కెమెరాతో తీసేశాం, మందు ఇచ్చినవి దీంతో తీస్తాం. లెక్కలో తేడా ఏమైనా వస్తుందా?” సుమలత జిలానీని అడిగింది. జిలానీ ఒక్క క్షణం ఆలోచించి, ఏం రాదు అన్నాడు. ఆమె ఫోటోలు పెట్టి చూడకుండానే, ఏం తేడా రాదు మేడమ్ అని చెప్పేసింది.

అంటే ఎక్కువ కణాలు బతికింది మందు వల్ల కాకపోవచ్చు. కెమెరా వల్ల కావచ్చు.

అరుణ్‌కుమార్ ఫ్లెక్సీ చుట్టూ రెండుసార్లు నడిచి, వంగి, తనూ కొన్ని నంబర్లు చూశాడు. తర్వాత తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

“సుమలతా, కంగారు పడకు. కొత్త వెర్షన్ సరిగ్గానే లెక్కపెడుతోంది కదా. దాన్నే అందరికీ తొందరగా పంపించేద్దాం. ఇక పాతది ఎవరూ వాడరు.”

“మరి పాతదానితోటి అయిపోయిన లెక్కలు, సార్?”

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. చెడ్డవాడేమీ కాదు. జిలానీ దవాఖానలో ఉన్నన్నాళ్లూ రోజూ వెళ్లి బయట బెంచీ మీద కూర్చున్నవాడు. ఇప్పుడు కిటికీలోంచి కిందికి దిగుతున్న విమానాన్ని చూస్తూ, “ఒక్క రోజు ఆగు,” అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో సుమలతకు అన్నం దిగలేదు. తల్లి రేణుకమ్మ కాసేపు చూసి, “ఏందే, పళ్లెం ముంగట పెట్టుకొని గట్ల కూసున్నవ్? ఆఫీసుల ఎవలన్న ఏమన్న అన్నరా?” అని అడిగింది.

“ఎవలేమన్లేదమ్మా. నేనే ఒక తప్పు మాట చెప్పిన. గది నమ్మి ఒకామె రెండేండ్లు పనిచేసింది.”

“ఇగ పోయి ఆమెకు చెప్పు మరి.”

“చెప్తే ఆమె చేసిందంత పోతదమ్మా.”

రేణుకమ్మ కొంచెం పెరుగు తెచ్చి అన్నంలో వేసి, కలిపి తినమని పక్కన కూర్చుంది.

మర్నాడు అరుణ్‌కుమార్ ఒక ఉత్తరం రాసుకొచ్చాడు. కస్టమర్లందరికీ పంపడానికి. సుమలతకు ఆశ్చర్యం వేసింది, కొంత ధైర్యం కూడా వచ్చింది. చదువుతూ రెండో పేరా దగ్గర ఆగిపోయింది. ‘ప్రస్తుతం మా సంస్థలో లేని ఒక ఉద్యోగి రాసిన భాగంలో దొర్లిన పొరపాటు వల్ల’ అని ఉందక్కడ.

“ఇది తీసెయ్యాలె, సార్.”

“అబద్ధం కాదుగా?”

“అబద్ధం కాదు. రాసింది జిలానీ భాయే. కానీ చూసి సరే అన్నది నేను. చిన్న ఫోటోలు పెట్టి చూసిన, పెద్దయి పెట్టి చూడలే. అమ్మింది మీరు. ముగ్గురం చేసినదాన్ని ఒక్కని మీద ఎట్ల పెడ్తం? ఆయన వచ్చి జవాబు గూడ చెప్పలేడాయె.”

అరుణ్‌కుమార్ ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి, పైన ‘మా సంస్థ పొరపాటు వల్ల’ అని రాశాడు. “ఇది పంపాక మనతో ఎంతమంది ఉంటారో నాకు తెలీదు,” అన్నాడు. “శోభ గారికి మాత్రం ఉత్తరంతో చెప్పకూడదు. నేను మాట్లాడతాను.”

“నేను చెప్త సార్. అప్పుడు తేడా రాదన్నది నేనే.”

ఫోన్ చేస్తే శోభ హైదరాబాద్‌లోనే ఉంది. ఏదో సమావేశానికి వచ్చిందట, మర్నాడు మధ్యాహ్నం విమానానికి ఢిల్లీ పోతోంది. “అంత ముఖ్యమైతే ఎయిర్‌పోర్టుకు రండి, కొంచెం ముందుగా వస్తాను,” అంది. గొంతులో ఉత్సాహం ఉంది.

లోపలికి టికెట్ లేనివాళ్లను పోనివ్వరు. బయట, వచ్చేవాళ్ల కోసం జనం ఎదురుచూసే చోట, టీ కాఫీలు అమ్మే స్టాళ్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. పక్కన దుబాయి నుంచి దిగుతున్న మనిషి కోసం ఒక కుటుంబం మొత్తం పూలదండ పట్టుకుని నిలబడి ఉంది. శోభకు యాభై దాటి ఉంటాయి. నూలు చీర, భుజానికి లాప్‌టాప్ సంచి. “చెప్పమ్మా, ఫోన్లో చెప్పలేని మాటేమిటి?” అంది నవ్వుతూ.

సుమలత దాచకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వింటున్న కొద్దీ శోభ ముఖంలో నవ్వు పోయింది. పూర్తయ్యాక ఆమె తన లాప్‌టాప్ తీసి, “కొత్తది ఇందులో వేయండి,” అంది.

మందు ఇచ్చిన ఎలుకల ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తెరిచారు. లెక్క తగ్గుతూ వచ్చింది. ప్రతి ఫోటోకూ శోభ పాత సంఖ్య పక్కన కొత్తది రాసుకుంది. సగం ఫోటోలయ్యేసరికి, మందు తిన్న ఎలుకలకూ తినని ఎలుకలకూ మధ్య మిగిలిన తేడా ఉందో లేదో చెప్పలేనంత చిన్నదైపోయింది. ఆమె ఇంకో ఫోటో తెరిచింది. ఇంకోటి తెరిచింది. చివరికి తెరవడం మానేసింది.

“నేను మిమ్మల్ని అడిగాను,” అంది.

“అడిగిండ్రు మేడమ్.”

“అడిగిన తర్వాతే కొత్త కెమెరాతో మొదలుపెట్టాను. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఆ భాగం రాసిందెవరు?”

“రాసినాయన ఇప్పుడు లేడు మేడమ్, చనిపోయిండు. పరీక్ష చేసింది నేను. మీకు జవాబు చెప్పింది గూడ నేనే. సారీ మేడమ్.”

“సారీ అనకండి.” శోభ గొంతు పెరగలేదు, గట్టిపడింది. “ఆ మాట నేను ఎంతమందికి చెప్పాలో తెలుసా మీకు? నా దగ్గర చదువుతున్న పిల్లలు ఇద్దరు చీకటి గదిలో కూర్చుని ఈ ఫోటోలు తీశారు. ఒకమ్మాయి థీసిస్ మొత్తం ఇదే. రేపు పొద్దున ఢిల్లీలో కమిటీ కూర్చుంటోంది, ఈ మందును మనుషులకు ఇచ్చి చూడడానికి అనుమతి కోసం. పేషెంట్ల పేర్లు కూడా రాసుకున్నాం. చూపు పోతున్నవాళ్లు. ఎప్పుడిస్తారు మేడమ్ అని రోజూ ఫోన్ చేస్తారు.”

పక్కన పూలదండ వాళ్ల మనిషి బయటికొచ్చాడు కాబోలు, అందరూ ఒక్కసారి అరిచి అటు పరిగెత్తారు. శోభ అటే చూస్తూ కూర్చుంది. ముందున్న టీ మీద మీగడ కట్టింది.

కొంచెం సేపటికి ఆమె ఫోన్ తీసి ఢిల్లీకి చేసింది. ఇంగ్లీషులో, తడబడకుండా, రేపటి దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నానని, కారణం తర్వాత చెబుతానని అంది. అవతలివాళ్లు ఏదో అన్నారు. “లేదు, ఆలస్యం చేయడం కాదు. వెనక్కి తీసుకోవడమే,” అంది మళ్లీ. ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ సర్దుకుంది.

“ఇగ ఢిల్లీ పోరా మేడమ్?” అని అడిగింది సుమలత.

“వెళ్తాను. ఇలాంటిది ఫోన్లో చెప్పి ఊరుకుంటే కాదు. మీరు ఎదురుగా వచ్చి చెప్పారు, నేనూ ఎదురుగానే చెప్పాలి.” రెండడుగులు వేసి ఆగింది. “మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. అది ఇప్పట్లో పోదు. కానీ వారం ఆగి చెప్పి ఉంటే మందు ఆ పేషెంట్ల నోట్లోకి వెళ్లేది. అదీ మర్చిపోను,” అని లోపలికి వెళ్లిపోయింది.

మిగతా కస్టమర్లకు ఉత్తరాలు వెళ్లకముందే సుమలత ఇంకో ఇంటికి పోవాలనుకుంది. జిలానీ భార్య కనీజ్ ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. శంషాబాద్‌లోనే పెద్ద మసీదు వెనక గల్లీలో ఇల్లు. బడి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, బురఖా కూడా తీయకుండా పిల్లల పరీక్ష పేపర్లు మంచం మీద సర్దుతోంది. సుమలతను చూసి ఆ ముఖం వెలిగింది. అది చూసి సుమలతకు వెనక్కి తిరిగి పోదామా అనిపించింది.

చెప్పింది. కనీజ్‌కు కణాల సంగతి తెలియదు గానీ, ముక్కల సంగతి వెంటనే పట్టేసింది.

“జనాభా లెక్కల డ్యూటీల మాకు గిదే చెప్పిండ్రు. రెండు వార్డుల హద్దు మీదున్న ఇల్లును ఇద్దరూ రాసుకుంటే ఊరు పెద్దగ కనబడ్తదని. గట్లనేనా?”

“గట్లనే, భాభీ.”

కనీజ్ పేపర్ల కట్టకు దారం కట్టి, విప్పి, మళ్లీ కట్టింది. “ఆయన బతికున్నన్ని దినాలు ఎవరూ చూడలే. పోయినంక దొరికింది మీకు,” అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉంది. సుమలత తల వంచుకుంది.

“ఉత్తరంల ఆయన పేరు రాసిండ్రా?”

“లేదు భాభీ. కంపెనీ తప్పని రాసినం. ఆయన పేరు ఎక్కడ రానియ్యలే.”

కనీజ్ సంతోషిస్తుందనుకుంది సుమలత. ఆమె తలెత్తి సూటిగా చూసింది.

“మీ సాఫ్ట్‌వేర్ల తయారుచేసినోళ్ల పేర్లు వస్తయి చూడు, అండ్ల ఆయనది మొదలు వస్తది. నాకు చూపించిండు. పిల్లలకు చూపించిండు. కొత్తదాండ్ల గూడ ఉన్నదా?”

కొత్తదానిలో పేర్ల జాబితా ఇంకా పెట్టలేదు. ఆయన పేరు పెట్టాలా వద్దా అని ఎవరూ అనుకోనే లేదు.

“తప్పయిందని ఆయనను మెల్లగ అవతల పెట్టేస్తరేమో అని అడుగుతున్న,” అంది కనీజ్. “గట్ల చెయ్యొద్దు సుమలతా. మంచిగ లెక్కపెట్టిందాంట్ల గూడ ఆయనున్నడు కదా. తప్పుతోటే ఉండనియ్యి. ఎవరన్న అడిగితే ఆయనే రాసిండని చెప్పుండ్రి. ఆయన ఉంటే ఆయనే చెప్తుండె.”

అప్పుడు ఏడ్చింది. సుమలత పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. లోపల్నుంచి జిలానీ తల్లి, “కౌన్ ఆయే, బహూ?” అని వచ్చిందెవరో అడుగుతూ కేకేస్తే, కనీజ్ కళ్లు తుడుచుకుని, “ఆఫీస్ వాలే, అమ్మీ,” అని టీ పెట్టడానికి లేచింది.

ఉత్తరాలు వెళ్లాయి. చాలా ప్రయోగశాలలు ఆ సాఫ్ట్‌వేర్ వదిలేశాయి. కొన్ని జవాబే ఇవ్వలేదు. కొందరు మాత్రం, తమవి చిన్న ఫోటోలే కాబట్టి ఇబ్బంది లేదని, చెప్పినందుకు థాంక్స్ అని రాశారు. ఎండాకాలం వచ్చేసరికి ఆఫీసులో ముగ్గురు మానేశారు. సగం గదులు టైల్స్ దుకాణం వాళ్లకు గోదాముకు ఇచ్చేశారు. సామాను సర్దేటప్పుడు అరుణ్‌కుమార్ జిలానీ కుర్చీని తన బల్ల దగ్గర వేయించుకుని, అప్పట్నుంచీ దాన్లోనే కూర్చున్నాడు. కొత్త వెర్షన్‌లో పేర్లు పెట్టే రోజు సుమలత చెప్పాల్సిన పనిలేకుండానే జిలానీ పేరు మొదట రాశాడు.

శోభ పేపరును వెనక్కి తీసుకుంది. ఆమె ఇక ఫోన్ చేయదనే సుమలత అనుకుంది. ఆ ఏడాది దసరా తర్వాత చేసింది. ఎలుకలన్నిటికీ ఒకే కెమెరాతో మొదట్నుంచీ మళ్లీ ఫోటోలు తీశామని, ఏ ఎలుక మందు తిన్నదో ఏది తినలేదో తెలియకుండా గుర్తులు చెరిపేసి పంపుతున్నామని చెప్పింది. “సాఫ్ట్‌వేర్ వద్దు. మీరు కళ్లతో లెక్కపెట్టాలి. చేస్తారా?”

“చేస్త మేడమ్.”

చలికాలమంతా సుమలత అదే పని చేసింది. కణాలు తెర మీద పచ్చగా మెరిసేవి. ఒక్కోదాని మీద గుర్తు పెడుతూ పోయేది. తప్పనిపిస్తే మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టేది. కొన్ని ఎలుకల కళ్లలో కణాలు ఎక్కువ కనిపించినప్పుడు, ఇవి మందు తిన్నవే అయితే బాగుండునని మనసు గుంజేది. ఆ గుంజుడు వల్ల చెయ్యి ఎక్కడ జారుతుందోనని లేచి, కిందికి పోయి హైవే పక్కన కాసేపు నిలబడి వచ్చేది.

లెక్కలన్నీ పంపాక, ఏ ఎలుక ఏదో శోభ విప్పి చెప్పింది. సుమలత రెండు గుంపులనూ వేరు చేసి కూడింది. ఇంకోసారి కూడింది. అప్పుడు బెంగుళూరుకు ఫోన్ చేసింది.

“తేడా లేదు మేడమ్. మందు తిన్నయి, తిననియి, రెండు ఒక్కతీరుగనే ఉన్నయి.”

అవతల, శోభ వెనక ఎవరో అమ్మాయి గొంతు, గాజు సామాను కడుగుతున్న చప్పుడు వినిపించాయి.

“నేనూ లెక్కపెట్టాను, విడిగా,” అంది శోభ. “నాకూ అంతే వచ్చిందమ్మా.”

మందు పనిచేయడం లేదని రాసిన పేపరును రెండు పత్రికలు తిప్పి పంపాయి, మూడోది వేసుకుంది. దాన్ని చదివినవాళ్లు కొద్దిమందే.